ఐదు పక్కన గుండు గీత

దయ్యం పట్టిందని ఏడ్చే పిల్లలకు చక్కెర నీళ్లు తాగించి, "పొద్దున ఏమీ తినలేదు కదా?" అని అడిగే లెక్కల మాస్టర్ని నేను. అలాంటి కబుర్లు ఏనాడూ నమ్మలేదు. కానీ ఆ మధ్యాహ్నం సంగతి ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

మూడేళ్ల కింద కోడేరు మండలంలోని ఒక ఊరి బడిలో పనిచేసేవాణ్ణి. పదో తరగతిలో శివలీల అనే అమ్మాయి ఉండేది. తండ్రి బాలస్వామి గోడలు కట్టే మేస్త్రీ. ఏటా ఇంటిల్లిపాదీ పనికి పుణె పోయేవాళ్లు.

ఆ అమ్మాయికి ఒక అలవాటు. లెక్క చేశాక జవాబును మళ్లీ సమీకరణంలో వేసి చూసేది. సరిపోతే దాని పక్కన ఒక నిలువు గీత, గీత కింద చిన్న గుండు గీసేది. ఇదేమిటని అడిగాను.

"గోడ కట్టినంక సక్కగ నిలవడ్డదా లేదా అని మా నాయిన దారానికి గుండు కట్టి చూస్తడు గద సార్. గట్లనే," అంది.

ఆ ఏడు బాలస్వామి బడికొచ్చి, "ఈ పరీక్షల ఫస్టొస్తే అవ్వ తాన ఉంచి సదివిపిస్త సార్. లేకుంటే ఎంబడి తోల్కపోత," అని చెప్పి వెళ్లాడు.

పరీక్షలో సంవర్గమానాల లెక్క ఒకటిచ్చాను. పది ఆధారంగా log x + log (x − 3) = 1. విప్పితే వర్గ సమీకరణం వస్తుంది, దానికి మూలాలు 5, −2. పేపర్లు తొందరగా దిద్దేయాలని గైడు పక్కన పెట్టుకున్నాను. అందులో జవాబు రెండూ అని ఉంది. శివలీల −2 కొట్టేసి, 5 పక్కన గుండు గీసింది. రెండు మార్కులు కోసేశాను. ఒక్క మార్కు తేడాతో సెకండొచ్చింది.

"మైనస్‌కు లాగ్ ఉండదు గద సార్," అని లేచి నిలబడింది.

"గైడు రాసినోళ్లకంటే నీకెక్కువ తెల్సా? కూసో," అన్నాను. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం ఇంట్లో చేసి చూసుకుంటే అమ్మాయిదే రైటు. ఏళ్లుగా నేను చెప్తున్న పాఠమే అది. ఒప్పుకుంటే పిల్లల ముందు చులకనవుతానని రెండు రోజులు నాన్చాను. మూడో రోజు ఆమె రాలేదు. మేస్త్రీల బండి వచ్చి ఇంటిల్లిపాదినీ పుణె తీసుకెళ్లిందన్నారు. తండ్రి ఫోన్ నంబరు కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

నిరుడు ధరూర్ దిక్కు బదిలీ అయింది. అక్కడ ఈ మధ్య అదే లెక్క బోర్డు మీద చేసి, 5, −2 రాసి, "ఇందులో ఒకటి చెల్లదు. అదేదో అన్నం తినొచ్చి చెప్పండి," అన్నాను. ఆ గదిలో కంప్యూటర్లు ఉంటాయి కాబట్టి నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. ముప్పై ఒక్కమంది పిల్లలూ నా కళ్ల ముందే వరుసగా కూర్చుని తిన్నారు.

వచ్చి తలుపు తీస్తే 5 పక్కన నిలువు గీత. దాని కింద గుండు.

కిటికీలకు జాలీ ఉంది. రెండో తాళంచెవి హెడ్‌మాస్టర్ దగ్గర ఉంటుంది, ఆయన ఆ రోజు మీటింగుకని గద్వాలకు వెళ్లారు. పిల్లల్ని అడిగితే, "మేమెవ్వరం రాలే సార్. ఏంది సార్ గది?" అని నన్నే అడిగారు.

వరండాలోకి వచ్చాను. కోడేరు దిక్కు బడిలో నాతో పనిచేసిన మాస్టరుకు ఫోన్ చేసి శివలీల ఎక్కడుందని అడిగాను.

"నీకు తెల్వదా? పోయిన వానకాలం పుణెల, కట్టే బిల్డింగు మీదికెళ్లి పడి సచ్చిపోయింది గద ఆ పిల్ల," అన్నాడు.

ఆ గీత ఎవరు గీశారో ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఈరోజుకీ అంతు చిక్కలేదు.

మరునాడు బోర్డు తుడవనివ్వలేదు. గీత పక్కన రెండుకు రెండు మార్కులు వేశాను. శివలీల అనే అమ్మాయిదే రైటని, నాదే తప్పని ఆమె ముఖం కూడా ఎరగని పిల్లలకు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ నవ్వలేదు.