ఏడో నంబరు కార్డు

నవంబరు 9, ఆదివారం. చింతామణి దగ్గర అక్కావాళ్ళ ఊరు. ఉన్నవాళ్ళు: అక్క, ఆమె కొడుకు, నా భార్య, నేను, పట్టుగూళ్ళు విడిపించడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు.

డైరీలో దీని కింద ఒక్క వాక్యమే ఉంది: "ఏడో నంబరు కార్డు గొడ్ల కొట్టంలో ఉంది." ఆ రోజు అంతకన్నా రాసే ఓపిక లేకపోయింది.

ఆ కార్డు మనవరాలు బెంగళూరులో కొనిచ్చిన గ్రీటింగ్ కార్డుల పెట్టెలోది. మొత్తం పన్నెండు. కెమెరాలు లేని కాలంలో జీవశాస్త్రజ్ఞులు చేత్తో గీసి రంగులు వేసుకున్న సీతాకోకచిలుకల బొమ్మలు. కాగితం పాతదానిలా పసుపుగా ఉంది. ప్రతి రెక్కల జత కింద సన్నటి అక్షరాల్లో లాటిన్ పేరు. వాటికి నంబర్లు వేసి, ఏది ఎవరికి పంపాలో రాసి పెట్టుకున్నాను.

"పన్నెండు కార్డులకు ఒక రిజిస్టరా?" అంది నా భార్య.

ఏడోదాని మీద పట్టుపురుగు బతుకంతా ఒకే మల్బరీ రెమ్మ మీద గీశారు. ఆకు తింటున్న పురుగు, గూడు, ఆ గూటికి చిల్లి చేసుకుని బయటికి వచ్చిన తెల్లటి రెక్కల పురుగు. చూడగానే అక్క గుర్తొచ్చింది. పెళ్ళయి వెళ్ళినప్పటి నుంచి ఆమె పట్టుపురుగులు పెంచుతూనే ఉంది.

రెండేళ్ళుగా అక్క నాతో మాట్లాడడం లేదు. బావ పోయిన నెలకే, "ఇంకా ఈ పురుగుల పని నీకెందుకక్కా, మానేయరాదా" అన్నాను. మంచికే అన్నాననుకున్నాను. ఆ తర్వాత ఆమె నా ఫోను ఎత్తలేదు. ఆ మాట తప్పని నాలుగు వరుసలు కార్డు లోపల రాసి, బాగేపల్లి పోస్టాఫీసులో వేశాను.

నాలుగో రోజు మేనల్లుడు ఫోను చేశాడు.

"ఏం పంపినావు మామా? కవరు నేనే చించినా. బొమ్మ చూసి అమ్మ దాన్ని ఇంట్లోకే రానీలే."

"ఎందుకురా?"

"చంద్రికల మీద పురుగులు గూళ్ళు కడతాండాయి. ఇప్పుడు చిల్లి పడిన గూడు బొమ్మ పంపితే ఏమనుకోవల్ల?"

నాకు తెలియని సంగతి కాదు. అక్కడ ఆ రెక్కల పురుగును చిట్టె అంటారు. చిట్టె బయటికి వచ్చిన గూటిలో దారం తెగిపోతుంది, దాన్ని ఎవరూ కొనరు. చిన్నప్పటి నుంచి చూసిందే, బొమ్మ అందంలో పడి మరిచిపోయాను. పని మానుకోమన్న తమ్ముడు ఇప్పుడు చెడిపోయిన గూడు పంపాడు. అక్క ఇంకెలా అనుకుంటుంది?

ఆదివారం బయల్దేరాం. బస్సులో నా భార్యకు సీటు దొరికింది, నేను సగం దారి నిలబడ్డాను. మేము చేరేసరికి పంట విడిపిస్తున్నారు. అక్క నా వైపు చూడలేదు.

"కాళ్ళు కడుక్కోని రామ్మా, సున్నం నీళ్ళు ఆడుండాయి," అంది నా భార్యతో.

నేనూ కడుక్కుని వెళ్ళి ఒక చంద్రిక ముందు కూర్చున్నాను. చంద్రిక అంటే గుండ్రటి వెదురు చట్రం. దాని మడతల్లో ఇరుక్కున్న గూళ్ళను నలగకుండా ఒక్కొక్కటే తీయాలి. గంటకే నడుము పట్టేసింది.

"వదినా, ఆయనకు అంత ఆలోచన లేదు," అని నా భార్య మొదలుపెట్టింది.

"ఆలోచన ల్యాకేమమ్మా, నీ మొగునికి చదువెక్కువ. చిట్టెకు ఇంగ్లీషులో పేరు గూడా రాయించి పంపినాడు."

ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. నేను తల ఎత్తకుండానే అడిగాను.

"లోపల రాసింది చదివినావా అక్కా?"

అక్క చేతిలోని గూళ్ళు గంపలో వేసింది.

"తెరవనే లేదప్పా. గొడ్ల కొట్టం చూరులో పెట్టించినా. గూళ్ళు మార్కెట్టుకు పోయేదాకా ఆడే ఉండల్ల."

రెండేళ్ళలో ఆమె నాతో అన్న మొదటి మాటలు అవి. చీకటి పడేదాకా గూళ్ళు తీసి, రాత్రికి అక్కడే ఉండిపోయాం.

మరునాడు తెల్లవారగానే వ్యాను వచ్చింది. మేనల్లుడు మూటలు ఎక్కించుకుని చిక్కబళ్ళాపురం మార్కెట్టుకు వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, అక్క కొట్టంలోకి పోయి కార్డు తెచ్చింది. కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"చదువు. నా అద్దాలు యాడ పెట్టినానో."

నిలబడే నాలుగు వరుసలూ చదివాను. ఆమె ఖాళీ చంద్రికకు అంటుకున్న పీచు పీకుతూ వింది.

"అయిపాయనా?"

"అయింది."

"సరే, చీపురు ఎత్తుకో. రూము కడగల్ల. వచ్చే వారం మళ్ళా పురుగులు తెస్తాండాం."

నిన్న పట్టేసిన నడుము ఇంకా సర్దుకోలేదు. బాగేపల్లి బస్సుకు గంట కూడా లేదు. కార్డు ఆమెకిచ్చి చీపురు తీసుకున్నాను.