గల్తీ నాదే అన్న డాక్టరు సాబ్

బోధన్ డాక్టరు సాబ్ పోయారన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. కోటగిరి బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తున్నాను. అతను కిటికీ దగ్గరికి వచ్చి, "పంతులమ్మా, డాక్టర్ సాబ్ పొద్దుగాల పోయిండట. బోధన్ల దుకాండ్లు బంద్ చేసిండ్రు" అన్నాడు. పిల్లలు ఎక్కం పూర్తిచేసేదాకా అలాగే నిలబడ్డాను. ఇంటికి వెళ్లి అమ్మకు చెబితే, బియ్యం చేట కింద పెట్టి, "నన్ను బతికించినాయనే పోయిండా?" అంది.

ఆయన దవాఖాన చక్కెర ఫ్యాక్టరీకి పోయే బాటలో ఒక రెండు గదుల ఇల్లు. చెరుకు ఆడే కాలంలో బండ్లు గుమ్మం దాకా బారులు తీరేవి. రోగులు ఎడ్ల మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి వచ్చేవారు. నాడి పట్టుకోకముందే ఆయన అందరినీ ఒకటే అడిగేవారు. "నిన్న ఏం కూర తిన్నవ్?" ఎందుకలా అని ఒకసారి నేనే అడిగాను. "కూర ముచ్చట చెప్పేటప్పుడు మనిషి మొఖం సూడు బిడ్డా. సగం జబ్బు ఆడ్నే కనవడ్తది" అన్నారు. చీటీ తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాసి ఇస్తూ, "మందుకు రెండు చేతులుంటయి. ఒకటి ఇస్తది, ఒకటి గుంజుకుంటది. రెండోదాన్ని కనిపెట్టుకొని ఉండుండ్రి" అనేవారు. ఆ మాట ఆయన మా ఇంట్లో నేర్చుకున్నారు.

పదేళ్ల కిందటి సంగతి. నాన్న పోయాక అమ్మే నాలుగెకరాల చెరుకు చేయించేది. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే ఆ గట్టు కూలీలు తలెత్తి చూసేవారు, అంత గొంతు. తలనొప్పి, ముక్కులోంచి రక్తం వస్తే బోధన్ తీసుకెళ్లాను. రక్తపోటు బాగా ఉందని డాక్టరు సాబ్ మాత్రలిచ్చారు. సర్పగంధ వేరు నుంచి తీసినవి. అప్పట్లో ఆ జబ్బుకు అందరూ ఇచ్చేవే. నెల తిరక్కుండా తలనొప్పి పోయింది. మేమంతా సంతోషించాం.

నాలుగు నెలలకు అమ్మ మాట తగ్గింది. తర్వాత తిండి తగ్గింది. ఎదురుగా దూడ తాడు తెంపుకుని పోతున్నా మంచం మీద నుంచి లేవలేదు. పొద్దున్నే మెలకువ వచ్చి గోడవైపు చూస్తూ పడుకునేది. ఎవరో చేతబడి చేశారని పక్కింటివాళ్లన్నారు. మా అన్నకైతే కోపమే వచ్చింది. "పని చేయబుద్ధి గాక గిట్ల పడుకుంటున్నది" అన్నాడు. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పొలంలో బావి ఒడ్డున, కాళ్లు లోపలికి వేసి కూర్చుని ఉంది. వెనక నుంచి రెండు చేతులా పట్టుకున్నాను. "ఇడిసిపెట్టు బిడ్డా. నేనుండి ఎవలికేం ఫాయిదా?" అంది. ఆ గొంతు మా అమ్మది కాదు.

మర్నాడు అన్నా నేనూ అమ్మను బోధన్ తీసుకెళ్లాం. కూర ఏమిటని డాక్టరు సాబ్ అడిగారు. "యాదిలేదు" అంది అమ్మ. ఆయన చాలాసేపు ఆమె ముఖమే చూశారు. "గీ మాత్రలు ఎన్నడు మొదలువెట్టిన?" అని నన్నడిగారు. చెప్పాను. లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, దుమ్ముపట్టిన వైద్య పత్రికలు తిరగేశారు. బయట రోగులు వరండా నిండా ఉన్నారు. ఆయన వచ్చి, అందరూ చూస్తుండగానే అమ్మ ముందు చేతులు జోడించారు.

"అక్కా, గల్తీ నాదే. నీ రక్తపోటు తగ్గియ్యబోయి నీ ఉషారంత గుంజుకున్న. నీకు దయ్యం పట్టలే, సోమరితనం పట్టలే. నా మందు పట్టింది."

మా అన్న తల దించుకున్నాడు.

మాత్రలు ఆపించారు. వేరే మందు ఇచ్చి, ఉప్పు తగ్గించమన్నారు. రెండు నెలలు ఆమెను ఒంటరిగా వదలొద్దని మాతో ఒట్టు వేయించుకున్నారు. ప్రతి ఆదివారం బస్సులో మా ఊరికి వచ్చి పక్కన కూర్చునేవారు. నాలుగు ఆదివారాలు ఏ మార్పూ లేదు. ఏడో ఆదివారం ఆయన నోరు తెరవకముందే అమ్మ అంది: "ఉప్పు ఎయ్యొద్దంటివి గదా సారూ. పచ్చిపులుసు సప్పగ సచ్చింది. నువ్వే తిని సూడు." ఆయన తిన్నారు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు.

ఆ తర్వాత కూడా ఆయన ఈ విషయాన్ని వదల్లేదు. హైదరాబాద్ నుంచి పత్రికలు తెప్పించుకుని చదివేవారు. ఒకరోజు నాకు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. మెదడు అడుగున కాడలా ఉండే భాగంలో, రెండు పక్కలా రెండు నీలం మచ్చలు, బియ్యపు గింజంతవి. "గీడికెల్లి సన్నటి పోగులు మెదడంత పోతయట. నార్‌అడ్రినలిన్ అనే రసం గీడ తయారైతది. మనిషిని తెలివిగ, ఉషారుగ ఉంచేటందుకు అదొకటి కావాలె. ఆ వేరు మందు ఆ రసాన్ని ఖాళీ చేస్తదంటున్నరు. ఇంకా పూరా తెల్వది బిడ్డా. తెలిసినంత చెప్తున్న."

కొన్నేళ్లకు ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. కంపవాతం. సూది వేయడం తనంతట తనే మానేశారు. ముఖంలో కదలిక పోయింది. కోపంగా ఉన్నారేమోనని రోగులు జంకేవారు. "నా మొఖం నవ్వది. నేను నవ్వుతున్న అనుకోండ్రి" అనేవారు. ఒకసారి నాతో నెమ్మదిగా, "గీ జబ్బుల ఆ నీలం మచ్చ గూడ వెలిసిపోతదట" అన్నారు. ఆ గొంతులో దిగులు లేదు. రోగి సంగతి చెప్పినట్టే చెప్పారు.

పోయిన చలికాలం నేనూ అమ్మా చెరుకు గడలు పట్టుకుని చూడబోయాం. వరండాలో ఎండ బాగుంది, అక్కడికి రావాలని ఆయనకు ఉంది. గది మధ్యలోనే కాళ్లు నేలకు అంటుకుపోయాయి. వాళ్లావిడ చేయి పట్టుకున్నా అడుగు పడలేదు. "ముందట ఏదన్న అడ్డముంటే దాటొస్తది గని, ఒట్టి నేల మీదనే కాలు లేవది" అన్నారు డాక్టరు సాబ్. అమ్మ గడల కట్ట విప్పింది. ఒకటి ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టింది. ఆయన కాలు లేచింది, దాటింది. ఇంకొకటి పెట్టింది. డెబ్బై ఏళ్ల మా అమ్మ వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, అడుగుకొక గడ పరుస్తూ పోయింది. ఆయన ఒక్కొక్కటే దాటుకుంటూ ఎండలోకి వచ్చారు.