కొలతలకు తాతయ్య వెళ్ళాడు

తాతయ్యకు ఒక గొప్ప ఉంది. మనిషిని చూడకుండానే చొక్కా కుట్టగలడు. కుట్టించుకునేవాడు ఊళ్ళో లేకపోయినా, మంచం దిగలేకపోయినా ఫరవాలేదు. వాడికి సరిపోయే పాత చొక్కా ఒకటి తెచ్చి బల్ల మీద పడేస్తే చాలు. దాన్నే దర్జీలు ఆది అంటారు. ఆ ఆదిని తాతయ్య బల్ల మీద పరిచి, పసిపిల్లాడి వీపు నిమిరినట్టు ముడతలు నిమిరి, టేపు పెట్టి కొలుస్తాడు. "మనిషితో పనేముందయ్యా? టేపు చూడగానే ఊపిరి బిగబట్టి పొట్ట దాచేస్తాడు. చొక్కా అబద్ధం చెప్పదు" అంటాడు. ఈ మాట ఆయన అన్నన్ని సార్లు ఆ వీధిలో కాకులు కూడా అరిచి ఉండవు.

కొట్టు ఇంటి కింద గదిలోనే. అందులో మిషన్లు రెండు. ఒకటి కుడుతుంది, రెండోది బట్టలు మోస్తుంది. మూలన ఒక పరదా, దాని వెనక ఒక అద్దం. ఊరందరి చొక్కాలకీ గుండీలు కుట్టే తాతయ్య చొక్కాకి మాత్రం పైగుండీ ఉండదు. అడిగితే "గాలాడాలి" అంటాడు.

పై వాటాలో తాతయ్య కూతురూ, ఆమె కూతురూ ఉంటారు. కూతురు బస్ స్టాండులో టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర పని చేస్తుంది. అల్లుడు లారీ మీద తిరుగుతుంటాడు, నెలకోసారి వచ్చి నిద్రపోయి వెళ్తాడు. మనవరాలు తొమ్మిదో తరగతి. దాన్ని ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. బళ్ళోంచి రాగానే కొట్టులో ముక్కాలిపీట మీద చతికిలబడి, తాతయ్య ఇచ్చిన పాత బట్టల కుట్లు విప్పుతూ ఒకటే వాగుడు. ఏ టీచరు జడకి ఏ రబ్బరు పెట్టుకుంది, ఎవరి డబ్బాలో ఎవరు చెయ్యి పెట్టారు, అన్నీ వచ్చేవి. తాతయ్య వినేవాడో లేదో తెలియదు గానీ మిషను మాత్రం ఆ మాటల వేగంతోనే నడిచేది.

అలాంటి పిల్ల మాట తగ్గించింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. "ఈడొచ్చింది, సిగ్గొచ్చింది" అనుకున్నారు. తరవాత కంచంలో అన్నం మిగలడం మొదలైంది. ఆ తరవాత పొద్దున పూట కడుపునొప్పి. బడి టైము దాటాక తగ్గిపోయే కడుపునొప్పి. చివరికి ఒకరోజు బడి యూనిఫాం వేసుకుని, మెట్ల మీద కూర్చుని, కిందికీ దిగలేదు, పైకీ ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే. ఆ తరవాత బడికి వెళ్ళనే లేదు.

డాక్టరు కడుపు నొక్కి చూశాడు. స్కానింగు తీశాడు. "కడుపులో ఏమీ లేదు. మనసులో ఏదో ఉంది. పిల్లల కోసం కౌన్సిలర్లు ఉంటారు, ఒకసారి మాట్లాడించండి" అన్నాడు.

ఇంటికొచ్చాక కూతురు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. "వద్దు నాన్నా. రేపు నలుగురికీ తెలిస్తే దానికి పిచ్చి అంటారు."

"ఆ నలుగురూ రోజూ పొద్దున్నే వచ్చి దీన్ని నిద్ర లేపుతారటా?"

"నీకన్నీ ఎగతాళే."

"ఎగతాళి కాదే. భయం."

తాతయ్య నోట ఆ మాట కూతురు ఎప్పుడూ వినలేదు. ఇంకేమీ అనకుండా డ్యూటీకి వెళ్ళిపోయింది. అది ఒప్పుకున్నట్టో కాదో తేల్చుకోలేక, ఒప్పుకున్నట్టే అని తాతయ్య తీర్మానించుకున్నాడు.

ఇక వెతుకులాట. డాక్టరు కౌన్సిలర్లున్నారన్నాడు గానీ ఎక్కడున్నారో చెప్పలేదు. మందుల షాపువాడిని అడిగితే నిద్రమాత్రల పెట్టె చూపించాడు. బడికి వెళ్ళి అడిగితే "ఆ టీచరు బదిలీ అయిపోయింది, కొత్తావిడ ఇంకా రాలేదు" అన్నారు. ఫోను నంబరు ఒకటి దొరికితే అది మోగి మోగి అలిసిపోయింది. తాతయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగి వచ్చి మిషను ముందు కూలబడ్డాడు.

అప్పుడు కొడుకు ప్యాంటు పొడవు తగ్గించమని తెచ్చిన ఒకావిడ, "ఏంటి దర్జీగారూ, అలా ఉన్నారు?" అంది. తాతయ్య ఎవరికీ చెప్పకూడదనుకున్న సంగతంతా చెప్పేశాడు. కడుపులో దాచుకోవడం ఆయనకి చేతకాదు, వంశంలోనే లేదు.

ఆవిడ పరదా వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, "మావాడిని తీసుకెళ్ళామండీ. కూరగాయల మార్కెట్ వెనక ఆరోగ్య కేంద్రం లేదూ? దాని మేడ మీద. పిల్లలకీ, కుర్రాళ్ళకీ వేరే గది ఉంది. డబ్బులు కూడా తీసుకోరు" అంది.

"ఈ ప్యాంటు వాడినా?"

"వాడినే. పరీక్షలంటే వాంతులు చేసుకునేవాడు. నేనూ భయపడ్డాను, అక్కడంతా పిచ్చివాళ్ళుంటారని. తీరా చూస్తే మన వీధి పిల్లలే ఉన్నారు."

తాతయ్య ఆ ప్యాంటు అక్కడికక్కడే కుట్టి ఇచ్చేసి, కొట్టు మూసి, మార్కెట్ వెనక్కి నడిచాడు. అక్కడ చీటీలు రాసే కిటికీ దగ్గరి అమ్మాయి మంగళవారం పదకొండు గంటలకు రమ్మంది. కొండంత బరువు దించుకున్నట్టు తేలికపడి ఇంటికొచ్చాడు.

మంగళవారం వచ్చింది. మనవరాలు రానంది. దుప్పటి ముసుగులోంచే అంది.

"ఊరికే వచ్చి కూర్చో తల్లీ."

"రాను."

"దారిలో ఐస్‌క్రీమ్ కొనిపెడతా."

"నేనేమైనా చిన్నపిల్లనా?"

"పోనీ నాకు కొనిపెట్టు."

దుప్పటి కదల్లేదు. గడియారం పదిన్నర దాటింది. ఈ పూట పోతే మళ్ళీ ఎప్పుడో! తాతయ్య గుమ్మంలో నిలబడి బుర్ర గోక్కున్నాడు. ఆ బుర్రలో ఉన్నదల్లా దర్జీపనే కాబట్టి, దర్జీ ఆలోచనే వచ్చింది. మనిషి రాకపోతే ఏం చేస్తాం? ఆది పంపిస్తాం. దీన్ని పుట్టిన దగ్గర్నుంచీ ఎత్తుకుని పెంచాను, దీని భుజం ఎంత, చెయ్యి పొడవెంత నిద్రలో లేపి అడిగినా చెప్తాను, నాకంటే మంచి ఆది ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

మేడ మీది గదిలో కౌన్సిలరమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. నెమ్మదిగా, "చెప్పండి" అంది.

"ఏముందమ్మా, పొద్దున్నే కడుపునొప్పి. బడికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "బడికా? మీరా?"

"ఆ. తొమ్మిదో తరగతి. లెక్కల మాస్టారు బాగా తిట్టి ఉంటాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసి, "మరి ఈ మీసాలకి బళ్ళో ఏమీ అనడం లేదా?" అంది.

తాతయ్య నాలుక కరుచుకున్నాడు. అప్పుడు ఆది సంగతంతా చెప్పుకొచ్చాడు. పిల్ల రానందనీ, కొలతలన్నీ తన దగ్గర ఉన్నాయనీ, అడిగితే చెప్తాననీ, మందో మాటో ఏదైనా ఇస్తే పట్టుకెళ్ళి ఇస్తాననీ. ఆవిడ నవ్వలేదు. నవ్వాపుకుందేమో చెప్పలేం. "సరే, అడుగుతాను" అంది.

రాత్రి నిద్ర పడుతోందా?

"పడుతుంది... తలుపు వేసుకుంటుందమ్మా, పడుతుందనే అనుకుంటా."

ఇదివరకు ఎవరితో స్నేహంగా ఉండేది?

"చాలామంది ఉండేవాళ్ళు. పేర్లు..." తాతయ్య నీళ్ళు నమిలాడు. ఇన్నాళ్ళూ మిషను చప్పుడులో ఎన్ని పేర్లు కొట్టుకుపోయాయో!

దేనికి భయపడుతుంది? ఎప్పుడు మొదలైంది? దేనికీ సరైన కొలత లేదు. భుజం, చెయ్యి, మెడ తప్ప మనవరాలి గురించి తనకేమీ తెలియదని ఆ కుర్చీలో తాతయ్యకు తెలిసొచ్చింది.

"ఇంకొకటి అడగాలండీ. బతకాలని లేదని ఎప్పుడైనా అందా? మీలో ఎవరైనా అడిగారా?"

తాతయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "అదేం మాటమ్మా! అలా అడిగితే లేనిపోనిది మనమే నేర్పినట్టు కాదూ?"

"కాదండీ. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉంటే గనక, చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఈ రోజే అడగండి. తిట్టకుండా, ఏడవకుండా. అవునంటే ఒక్కదాన్నే వదలొద్దు, ఏ వేళైనా సరే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. కాదంటే కూడా నా దగ్గరికి తీసుకురండి. మేడ ఎక్కలేకపోతే నేనే దిగి వస్తాను. మాట్లాడి తీరాలని కూడా లేదు, వస్తే చాలు."

తాతయ్య ఇంటికి రాగానే పై వాటా వైపు కేకేశాడు. "ఒసేయ్, ఈ లంగా అంచు విప్పాలి, కళ్ళు కనబడటం లేదు, ఒకసారి దిగవే!"

రానని చెప్పడానికి కూడా మాటలు ఖర్చవుతాయి కాబట్టి పిల్ల దిగి వచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని సూదితో కుట్లు లేపసాగింది. తాతయ్య మిషను తొక్కుతున్నాడు. టకటకా టకటకా, గుడ్డ ఆ చివరికి పోయింది, మళ్ళీ ఈ చివరికి వచ్చింది.

"తాతయ్యా."

"ఊఁ."

"సూదిలో దారం లేదు."

తాతయ్య చూసుకున్నాడు. నిజమే. పాదం ఆపాడు. గుడ్డ మీదినుంచి కళ్ళెత్తకుండా అన్నాడు: "నీకెప్పుడైనా బతకాలని లేదనిపించిందా తల్లీ?"

పిల్ల చేతిలో సూది ఆగింది. తాతయ్యకు ఏదో ఒకటి మాట్లాడేసి ఆ ఖాళీ నింపేయాలని నోరు దురద పెడుతోంది. పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు. ఆయన జన్మలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

"చచ్చిపోవాలని కాదు," అంది చివరికి. "పొద్దున లేవకుండా అలా నిద్రలోనే ఉండిపోతే బాగుండునని ఉంటుంది."

"ఏమైనా చేసుకోవాలని...?"

"లేదు. నిజంగా లేదు." లంగా అంచు మళ్ళీ మడిచింది. "బడి గేటు చూస్తే ఊపిరాడదు తాతయ్యా. ఇక్కడ, గొంతు దగ్గర, పట్టేస్తుంది. అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ మధ్య ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. అందరూ నవ్వారు. మళ్ళీ పడిపోతానేమోనని..."

తాతయ్య చెయ్యి చాచి దాని తల మీద పెట్టాడు. ఏడవకూడదన్నారు కాబట్టి ముక్కు మాత్రం గట్టిగా ఎగబీల్చాడు.

"ఇలా అడగమని నీకెవరు చెప్పారు?" అంది పిల్ల అనుమానంగా.

"అక్కడావిడ. పొద్దున నీ బదులు నేను వెళ్ళొచ్చాను."

"నా బదులా? వెళ్ళి ఏం చెప్పావ్?"

"ఏముంది. కడుపునొప్పి అని చెప్పా."

"అయ్యో! కడుపునొప్పి అమ్మకి చెప్పేది!"

"లెక్కల మాస్టారు తిట్టాడని చెప్పా."

"తాతయ్యా!" పిల్ల లేచి నిలబడింది. లంగా కింద పడింది. "నేను పడిపోయినప్పుడు నవ్వనిది ఆయనొక్కడే! నీళ్ళు తెచ్చిచ్చింది ఆయనే! అలా ఎలా చెప్పేస్తావ్?"

"నువ్వు చెప్తేగా నాకు తెలిసేది."

"చెప్పకపోతే నీ ఇష్టమొచ్చినట్టు కుట్టేస్తావా? ఇప్పుడావిడ సారు గురించి ఏమనుకుంటుంది?"

"అనుకోవడానికేముంది, నేను తొమ్మిదో తరగతి అంటే నమ్మలేదుగా ఆవిడ."

పిల్ల ముఖం మీద ఏదో కదిలింది. నవ్వు అని అప్పుడే అనలేం, నవ్వుకి మేనకోడలు లాంటిది. "నేనే వచ్చి చెప్తా. నువ్వు మాత్రం నోరు మెదపకూడదు."

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కూతురికి తాతయ్య అంతా చెప్పాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా కూతురి పక్కన మంచం మీద కూలబడి, "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు కంగారు పడతావని."

"పడనివ్వు. అమ్మనయ్యాక పడనా?" అని దాన్ని దగ్గరికి లాక్కుంది. నలుగురి మాట మళ్ళీ ఎత్తలేదు. పొద్దున్నే తనే కేంద్రానికి ఫోను చేసి, పని దగ్గర సెలవు చెప్పేసింది. బయల్దేరుతుంటే ఎదురింటావిడ "ఎక్కడికి అంతా కలిసి?" అని ఆరా తీస్తే, ఒక్క క్షణం తడబడి, "పిల్లకి మనసు బాలేదు, చూపించడానికి" అనేసింది. ఎదురింటావిడ ఏదో అనబోయి, "మంచిదమ్మా" అని మాత్రం అంది.

ఒక్కరోజులో పిల్ల మామూలైపోయిందనీ, మర్నాడే సంచి తగిలించుకుని బడికి పరిగెత్తిందనీ ఎవరూ అనుకోవద్దు. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులు తరవాత చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం ఆరోగ్య కేంద్రంలో మేడమెట్ల దగ్గరే ఆగిపోయింది. రెండు మెట్లెక్కి, గోడ పట్టుకుని, ఊపిరి అందక అక్కడే కూర్చుండిపోయింది. తల్లి కంగారుగా వంగబోతే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టి, కిటికీ దగ్గరి అమ్మాయికి సైగ చేశాడు.

కౌన్సిలరమ్మ మేడ దిగి వచ్చింది. రమ్మనలేదు, లెమ్మనలేదు. చున్నీ సర్దుకుని అదే మెట్టు మీద దాని పక్కన కూర్చుంది. "ఊపిరి నెమ్మదిగా వదులు. తొందరేం లేదు. ఇక్కడే బాగుంది, గాలి వస్తోంది" అంది.

కాసేపటికి పిల్ల తల తిప్పి తాతయ్యని చూసి, బయటికి వెళ్ళమన్నట్టు కళ్ళతో చెప్పింది. తాతయ్యా, కూతురూ వాకిట్లోకి వచ్చి సైకిళ్ళు పెట్టే రేకుల కింద నిలబడ్డారు. అక్కడినుంచి అద్దం తలుపులోంచి మెట్లు కనిపిస్తున్నాయి. మొదట పిల్ల చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తరవాత ఒక చెయ్యి లేచింది. గొంతు దగ్గర పెట్టి చూపించింది. తరవాత రెండో చెయ్యి కూడా లేచింది. ఆవిడ తలూపుతూ వింటోంది.

"ఏం చెప్తోంది నాన్నా?" అంది కూతురు మెడ సాచి.

"ఏమో."

"కాస్త ముందుకెళ్తే వినబడుతుందేమో."

"అందుకే," అన్నాడు తాతయ్య, కూతురి మోచెయ్యి పట్టుకుని, "ఇంకాస్త ఇటు జరుగు."