అక్క మెడకు గుచ్చుకోని ఊలు కోసం

మా జయక్కకు డయాలసిస్ మొదలై అప్పటికి మూడో ఏడు. వారానికి మూడుసార్లు తెనాలిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. రక్తం ఒంట్లోంచి యంత్రంలోకి వెళ్లి తిరిగి వస్తున్నంతసేపూ అక్క చలికి వణికిపోయేది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఆమె పళ్లు కటకటలాడేవి. ఆసుపత్రి దుప్పటి చాలేది కాదు. ఇంటి నుంచి తీసుకెళ్లిన రగ్గేమో గరుకు. ఆ జబ్బుకి ఒళ్లంతా దురద ఉంటుంది, కాస్త గరుకు బట్ట తగిలినా గోక్కుని గోక్కుని చర్మం చిట్లేది. నా దగ్గర బల్ల మీద పెట్టుకునే చిన్న మగ్గం ఉంది. రిజిడ్ హెడిల్ మగ్గం అంటారు. కంతలూ చీలికలూ ఉన్న ఒకే ఒక పలకను పైకీ కిందికీ కదిపి దాని మీద నేస్తారు. అక్కకు తేలికపాటి ఊలు శాలువా ఒకటి నేసివ్వాలనుకున్నాను. మీరెవరైనా ఈ మగ్గానికి ఊలు వెతుక్కుంటూ మా వైపు తిరగాలనుకుంటే పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

తెనాలి బజారులో ఊలు అని అడిగితే రంగురంగుల ఉండలు బోలెడు చూపిస్తారు. ఒకటి తెచ్చి, దాని పోగు కొస వెలిగించి చూశాను. కరిగి ప్లాస్టిక్ పూసలా గట్టిపడింది. అసలు ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అయిపోతుంది. ఆన్‌లైన్‌లో రెండుసార్లు తెప్పించాను. అసలు ఊలే గానీ, రెండూ అక్క మెడ మీద ఎర్రటి చారలు మిగిల్చాయి. ఇక లాభం లేదు, తనే ముట్టుకుని చూసుకుంటానంది అక్క. ఆసుపత్రి లేని ఒక గురువారం ఇద్దరం బయలుదేరాం.

పొద్దున్నే తెనాలిలో ప్యాసింజర్ ఎక్కితే గంటలోపు బాపట్ల. టికెట్టు ఇద్దరికీ కలిపి వంద కూడా కాలేదు. అక్క కోసం ఉప్పు లేని ఇడ్లీ, చిన్న సీసాలో ఆ రోజుకి కొలిచిన నీళ్లు తెచ్చాను. స్టేషన్ బయట ఎక్కిన ఆటో అతను అక్క ముఖం వాడిపోవడం చూసి, దారిలో కొబ్బరిబోండాల బండి దగ్గర ఆపాడు. "తాగండి పెద్దమ్మా, డబ్బులు నేనిస్తాలే," అన్నాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పాడైన అక్కకు అవి విషంతో సమానం. ఆ మాట అతనితో చెప్పకుండా, ఇప్పుడే కాఫీ తాగామని అబద్ధమాడింది. అతను తన బోండం తాగుతున్నంతసేపూ రోడ్డుకి అటువైపు చూస్తూ కూర్చుంది.

బాపట్లలో మేం వెళ్లింది అనసూయమ్మ గారింటికి. మా పక్కింటావిడకి పిన్ని. భర్త సైన్యంలో ఉండగా చాలాకాలం కొండ ప్రాంతాల్లో కాపురం చేసి, అక్కడే ఊలు అల్లడం నేర్చుకున్నారు. ఇప్పుడు చూపు మందగించి అల్లడం మానేశారు. ఇనప్పెట్టె తెరిచి వేపాకు తీసేసి, మిగిలిన ఊలంతా మంచం మీద పరిచారు. ముందుగా కొండగొర్రెల ఊలు తీశాం. లావుగా బలంగా ఉంది, మగ్గానికి పడుగుగా ఎంత బిగించినా తెగదు. అక్క దాన్ని మెడకి ఆనించుకుని వెంటనే తీసేసింది. తర్వాత చేతికొచ్చింది మెరినో అనే మెత్తటి రకం గొర్రె ఊలు, వేపాకు రంగుది. అక్క కళ్లు మూసుకుని చాలాసేపు దాన్ని మెడ దగ్గరే ఉంచుకుంది. ఏమీ అనిపించడం లేదంది. మూడేళ్లలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

కానీ అది ఒంటి పోగు. జానెడు పోగు రెండు చేతులతో పట్టి లాగితే చడీచప్పుడూ లేకుండా విడిపోయింది. అడ్డంగా పోయే పేకకి అలాంటిది చాలు. నిలువుగా మగ్గానికి బిగించే పడుగుకి చాలదు. పలక కదిలిన ప్రతిసారీ కంతల్లో రాపిడికి నూగు లేచి, సగంలో తెగుతుంది. పడుగుకి రెండు పోగులు కలిపి పురిపెట్టిన నున్నటి ఊలు కావాలి, పైగా అదీ అక్కకు గుచ్చుకోకూడదు. అలాంటిది రేపల్లెలో దొరకొచ్చన్నారు అనసూయమ్మ గారు. లూధియానా స్వెటర్ల మిల్లులో పనిచేసి తిరిగొచ్చిన కోటేశ్వరరావు అనే ఆయన అక్కడ చలికాలంలో స్వెటర్లు అమ్ముతాడట. మెరినో ఉండలన్నీ అక్క ఒళ్లో పెట్టి, "ఇవి ఎవరికోసం దాచానో నాకే తెలీదమ్మాయ్, తీసుకుపో," అన్నారు.

బాపట్ల నుంచి రేపల్లెకి చెరుకుపల్లి మీదుగా బస్సులున్నాయి. గంటన్నర పైనే పడుతుంది. పల్లెవెలుగు ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు డబ్బులుండవు. కాలవ గట్ల మీద రోడ్డు గతుకులు. రెండోసారి అక్కకు వాంతి వచ్చినప్పుడు, ఇంటికి వెళ్లిపోదామన్నాను. రేపు ఎలాగూ యంత్రం మీద పడుకునేదే, ఇవాళైనా తిరగనివ్వమంది.

కోటేశ్వరరావు గారిది బస్టాండుకి దగ్గర్లో ఒక గది. ఆయనకి అరవై దాటి ఉంటాయి. నేను పడుగు సంగతి చెబుతుంటే ఆయన చూపు అక్క ఎడమ చేతి మీదే ఆగిపోయింది. డయాలసిస్ సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఎన్నేళ్లయిందని అడిగారు. అక్క చెప్పింది. తన భార్యకీ అలాగే ఉండేదని, పోయి రెండేళ్లయిందని నెమ్మదిగా అన్నారు. తర్వాత అటక మీది నుంచి కండెలు దించారు. సన్నటి రెండు పోగుల ఊలు, లాగితే తెగలేదు. సాగినా మళ్లీ యథాస్థితికి వచ్చింది. అక్క మెడకి ఆనించుకుని, పరవాలేదంది. తెలుపు, నీలం, తుప్పు రంగు ఉన్నాయి. తెలుపు వద్దంది. నీలం తీసుకున్నాం.

నేను కండె పోగుని స్కేలు చుట్టూ చుట్టి, అంగుళానికి ఎన్ని చుట్లు పడుతున్నాయో చూస్తున్నాను. అంగుళానికి అందులో సగం పోగులు పట్టే పలక మగ్గానికి ఎక్కించాలి. అప్పుడే అక్క ఆయన్ని అడిగింది.

"చివర్లో ఎలా ఉండేదండీ ఆవిడకి?"

ఇంట్లో గానీ ఆసుపత్రిలో గానీ ఆ మాట ఎప్పుడు ఎత్తబోయినా నేనో, డాక్టరో మాట మార్చేసేవాళ్లం. ఇప్పుడూ నేను ఆటో వస్తుందేమో చూద్దామని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కోటేశ్వరరావు గారు మిగిలిన కండెలు పక్కకి జరిపి మా ఎదురుగా కూర్చున్నారు. "తనే ఇక వెళ్లనందమ్మా. ఆపాక రెండు వారాలుందేమో. ముందు బాగానే మాట్లాడింది. తర్వాత ఎక్కువ నిద్రే."

"నొప్పి?"

"నేను చూసినంతలో నొప్పి లేదు. ఆయాసం వచ్చింది. డాక్టరుగారు మందిచ్చాక అదీ తగ్గింది. ఆఖర్న కాళ్లు చల్లబడ్డాయి. చివర్లో అలా అవుతుందని నాకు చెప్పినవాళ్లు లేక హడలిపోయి మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తించాను. దారిలోనే పోయింది. అలా చెయ్యకుండా ఉండాల్సింది."

అక్క తలూపింది. చెప్పినందుకు ఆయనకి దణ్ణం పెట్టింది.

రేపల్లె నుంచి సాయంత్రం ప్యాసింజర్ భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలికి గంట పైన. రైలు దాదాపు ఖాళీ. అక్క కిటికీ పక్కన కూర్చుంది. భట్టిప్రోలు దాటాక, "ఆయన చెప్పింది గుర్తుపెట్టుకో. నన్ను మాత్రం పరిగెత్తించకు," అంది. సరే అన్నాను. ఇంటికి చేరేదాకా తను నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది.

శాలువా నేయడానికి నెల పట్టింది. నీలం పడుగు, వేపాకు పేక. ఊలు సాగుతుంది కదా అని మరీ బిగించలేదు, పేకని దట్టంగా కొట్టలేదు. మగ్గం మీద జల్లెడలా కనిపించింది గానీ, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఆరేసరికి పోగులు ఉబ్బి దగ్గరకొచ్చాయి. చలికాలమంతా అక్క దాన్నే కప్పుకుని ఆసుపత్రిలో పడుకుంది. వణుకు పూర్తిగా పోయిందని చెప్పను, తగ్గింది. మెడ మీద చారలు మాత్రం పడలేదు. ఎండలు ముదరకముందే ఒక బుధవారం పొద్దున, ఇక వెళ్లనంది. డాక్టరుతో మాట్లాడాం. ఆయాసానికి మందిచ్చారు. పది రోజులు ఇంట్లోనే ఉంది. కాళ్లు చల్లబడినప్పుడు అంబులెన్స్ పిలుద్దామని మా ఆయన ఫోన్ తీశారు. వద్దని చెప్పి, ఆమె కాళ్ల మీద శాలువా కప్పి పక్కన కూర్చున్నాను. తెల్లారేలోపు పోయింది.

ఆ ప్రయాణం గురించి ఇప్పుడు ఆలోచిస్తే నాకు సంతోషమేమీ కలగదు. ఎండలో, గతుకుల్లో, దాహంతో అక్క పడ్డ అవస్థే ముందు గుర్తొస్తుంది. తనని ఇంట్లోనే ఉంచి నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే ఒంటికి సుఖంగా ఉండేది. కానీ ఆ ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయేది. దానికి జవాబు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఈ మగ్గానికి ఊలు కొనేవాళ్లకి నేను చెప్పగలిగిందొకటే. పడుగు బలం మీరు లాగి చూడొచ్చు, అసలు ఊలో కాదో కాల్చి చూడొచ్చు. మెత్తదనం మాత్రం మీ చేతికి తెలియదు. వీలుంటే, కప్పుకోబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి.