కాగితానికి మొహమాటం లేదు

2006. ఫరీదాబాద్‌లో ఒక చిన్న మానసిక వైద్యశాలలో క్లినికల్ సైకాలజిస్టుగా చేసేదాన్ని. వచ్చిన ప్రతిసారీ పేషెంటు చేత తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించాలని నా పట్టుదల. నిద్ర, ఆకలి, దిగులు, బతుకు మీద విరక్తి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం తగ్గుతుంటే మనిషి కోలుకుంటున్నట్టు. వైద్యం పనిచేస్తోందో లేదో ఇలా కొలిచి చూసుకోవడాన్నే ఔట్‌కమ్ మెజర్‌మెంట్ అంటారు.

మా పెద్ద డాక్టరు గారికి అది గిట్టేది కాదు. "అరే మేడమ్, ఇరవై ఏళ్ల సర్వీసు నాది. మొహం చూసి చెప్పేస్తాను," అనేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా నింపించి ఫైల్లో పెట్టేదాన్ని.

సుబ్బారావు గారిది తెనాలి. ఇక్కడ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు. నాలుగోసారి వచ్చిన రోజు నేనూ గదిలోనే ఉన్నాను.

"కైసే హైఁ, సుబ్బారావ్‌జీ?" అని డాక్టరు గారు నవ్వుతూ కులాసా అడిగారు.

"ఫస్ట్ క్లాస్ సార్!"

డాక్టరు గారు సంబరపడిపోయి, మందు తగ్గిస్తూ రాయబోయారు. నా చేతిలో అప్పుడే నింపిన కాగితం ఉంది. పంతొమ్మిది! గబగబా ఫైలు తిరగేశాను. పదిహేను, పదహారు, పద్దెనిమిది. నెలన్నరగా పెరుగుతూనే ఉంది. నింపించడమే తప్ప నాలుగూ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు నేను. సిగ్గేసింది.

"ఒక్క నిమిషం సర్," అని కాగితాలు బల్ల మీద పరిచి, తెలుగులో అడిగాను. "ఏమండీ సుబ్బారావు గారూ, నోటితో ఒకటి చెప్పి, ఇక్కడ ఇంకోటి రాశారేంటి?"

ఆయన తల దించుకున్నారు. "ఏం చెయ్యమంటారమ్మా? అంత పెద్దాయన ఆపేక్షగా అడుగుతుంటే, బాలేదని ఎట్టా చెప్పేది? కాగితానికైతే మొహమాటం లేదు గదా."

"చచ్చిపోవాలనిపిస్తోందా?" సూటిగానే అడిగాను.

"రోజూ అనిపిస్తంది," అని ఏడ్చేశారు.

తెలుగు రాని డాక్టరు గారికి ఆ మాట నేను హిందీలో చెప్పేసరికి, ఆయన పెన్ను కింద పెట్టేశారు. బయట కూర్చున్న సుబ్బారావు గారి భార్యను పిలిపించి, మనిషిని ఒంటరిగా వదలొద్దన్నారు. మందు మార్చారు. వారం వారం రమ్మన్నారు. కోలుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

చివరిసారి కూడా సుబ్బారావు గారు గుమ్మంలోంచే "ఫస్ట్ క్లాస్ సార్!" అన్నారు.

"పెహలే కాగజ్ దిఖాఓ," అని, ముందు కాగితం చూపించమంటూ చెయ్యి చాపారు డాక్టరు గారు.

మూడు!

ఆ రోజు నుంచి ఎంత అనుభవమున్న డాక్టరుతోనైనా ఈ విషయంలో పోట్లాడుతూనే ఉన్నాను. ప్రతిసారీ కొలవండి, కొలిచింది అక్కడే చూడండి. మన సంతోషం కోసం "బాగున్నా" అనే మనిషి ప్రాణం ఆ కాగితంలో ఉండొచ్చు.