దుమ్ము పడిన టీ

సెవ్‌జిద్ ముసలమ్మ పొద్దున్నే గుడారం బయట నిలబడి చెక్కగరిటెతో నలుదిక్కులా పాలు చిలకరించేది. గోబీ ఎడారిలో అందరూ ఆకాశానికి పెట్టే నైవేద్యమే అది. ఈ ఏడు మాత్రం మూడు దిక్కులతో సరిపెట్టి, పడమర వైపు తిరిగి తుపుక్కున ఉమ్ముతోంది. అటు పక్క బీడులో ఉండే గొంబో మేకలు గడ్డిని వేళ్లతో సహా పీక్కుతిన్నాయి. చలికాలంలో మంచన్నా నిలిచి ఉంటే నేల తడిసి అణిగి ఉండేది, అదీ లేదు. ఇక గాలికి అడ్డేముంది? వసంతం మొదలైన దగ్గర్నుంచీ దుమ్ము తుఫాను మీద తుఫాను. ఆమె గొర్రెపిల్లలు ఊపిరాడక చచ్చాయి.

ఆ మధ్యాహ్నం తుఫానులో దారి తప్పి ఆ గొంబోయే ఆమె గుడారంలోకి వచ్చిపడ్డాడు. గడప దాటి వచ్చినవాడు శత్రువైనా టీ పోయాలి. పోసినది వాడు కాదనకూడదు. ఆమె గిన్నె నిండా పాలటీ పోసి, పైకప్పు కంతలోంచి దుమ్ము రాలుతున్న చోటే చూసి మరీ పెట్టింది.

"పెద్దమ్మా, ఇందులో మట్టి పడింది."

"ఎవరి మట్టిరా అది? నీ బీడుదే. తాగు."

"గాలిని నేను తోలుకొచ్చానా?"

"గాలి మా తాతల నాడూ ఉంది. గడ్డేదిరా?"

గొంబో కళ్లు మూసుకుని తాగాడు. పళ్ల కింద ఇసుక కరకరలాడింది. ఖాళీ గిన్నె దించబోతుంటే ఆమె అందుకుని, మళ్లీ నిండా పోసి, అక్కడే పెట్టింది.