పచ్చచుక్కను నమ్మని బావ

మీ వెబ్‌సైటు ఈ నిమిషాన నడుస్తోందని మీకు చెప్పిందెవరు? మీరు తెరిచి చూశారా? లేక తెర మూల ఒక పచ్చచుక్క వెలుగుతోంది కదా అని కాళ్ళు బారజాపుకున్నారా? ఈ ప్రశ్న నాది కాదు. మా అక్క భర్త, మా బావ అడిగేవాడు. అడిగే మనిషి మొన్న వానలు వెనకబట్టిన వారంలో, కళింగపట్నంలో, పొద్దుటి టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి వెళ్ళిపోయాడు. అందుకని నేను అడుగుతున్నాను.

శవం చుట్టూ కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే మాట. నిన్న సాయంత్రం కూడా బాగానే ఉన్నాడు కదా! నేను పక్కన బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అనుకున్నాను, బావే గనక లేచి కూర్చుంటే మొదట వీళ్ళనే నిలదీస్తాడు అని. "బాగున్నాడని ఎవులు సూసారు? అడిగారేటి? ముట్టుకున్నారేటి?"

నేను వాక్యం చెప్పేవాడిని. ఏ బైబిలు పాఠశాలా నన్ను చేర్చుకోలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. వల లాగిన చేతులతోనే లేఖనం పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. మా ఇంట్లో మిగతా అందరూ గంగమ్మ తల్లి బిడ్డలే. బావ ఎవరి బిడ్డో నాకు చివరిదాకా తేలలేదు. పాతపట్నం వైపు వరి రైతుల ఇంట పుట్టి, విశాఖలో సర్వర్లు చూసే ఉద్యోగం చేసి, అక్కను చేసుకుని మా ఒడ్డున స్థిరపడ్డాడు. ఐసు కొట్టు మీది గదిలో ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, సముద్రం వైపు కిటికీ. శ్రీకాకుళం, విజయనగరం దుకాణాలవాళ్ళు, బడులవాళ్ళు సైటు ఆగిపోతే ఆ గదికే ఫోన్ చేసేవాళ్ళు.

నా ఆదివారపు ప్రసంగాలు ఊరూరా వినిపించాలని నేనూ ఒక సైటు పెట్టించుకున్నాను. ఒకనాడు అది తెరుచుకోలేదు. తెల్లటి పుట మీద ఐదు వందల ఏదో అంకె. ఇది ఎవరి పనో నాకు వెంటనే అర్థమైంది. పక్క వీధి చర్చి సంఘంవాళ్ళకు నా బోధ గిట్టదు. వాళ్ళ వెనక ఎవడున్నాడో లేఖనం ఎరిగినవాళ్ళకు వేరే చెప్పాలా? మెట్లెక్కి రొప్పుతూ వెళ్ళాను.

"బావా, శత్రువు సెయ్యి పెట్టేసాడు."

"ఏ శత్రువురా?"

"ఇంకెవుడు? సాతాను!"

"ఆడికి పాస్‌వర్డు తెల్దురా. కూసో. ముందు లాగు సదువుదాం, దేవుణ్ణీ సైతాన్నీ తరవాత పిలుద్దుం."

లాగ్ అంటే సర్వర్ తనకు జరిగిన ప్రతిదీ తనలో తాను వరుసగా రాసుకునే చోటు. బావ దాన్ని కింది నుంచి పైకి చదివేవాడు. చదివి నావైపు తిరిగాడు.

"డిస్కు నిండిపోనాది. ప్రసంగాలన్నిటికీ రోజూ ఒక నకలు తియ్యమన్నావు. పాత నకళ్ళు తీసీమని సెప్పనేదు. డేటాబేసుకి ఒక్క ముక్క రాసుకోడానికి సోటు లేదు. నీ గొంతుకి నీ గొంతే అడ్డం పడ్డాదిరా."

కింద చేపలు కడుగుతున్న అక్క అక్కడినుంచే అందుకుంది. "ఆడి నోటికి సముద్రమే సాలదు, డిస్కేటి సాలతాది!"

పక్క వీధివాళ్ళ మీద నా అనుమానం ఇప్పటికీ పోలేదు. అది వేరే సంగతి.

కానీ బావ అనుమానం నా అనుమానం లాంటిది కాదని ఆ రోజు గమనించాను. నేను మనుషుల్ని అనుమానిస్తాను. ఆయన, బాగుంది అన్న మాటను అనుమానించేవాడు. ఎండుచేపలు కొనడానికి వెళ్తే పైన పేర్చినవి చూసేవాడే కాదు. చెయ్యి బుట్ట అడుగుదాకా దించి, అక్కడి చేపను పైకి లాగి వాసన చూసేవాడు. అమ్మే ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు. "ఓలమ్మో, ఈ బావొచ్చాడు, బుట్టలో పామున్నాదేమో సూస్తన్నాడు!" ఆయన నవ్వేవాడు కాదు. "పచ్చగా ఉన్నదల్లా పంట కాదు. నాచు కూడా పచ్చగానే ఉంటాది," అనేవాడు.

సైటు తెరిస్తే "గేట్‌వే" అని ఏదో తప్పు వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే ఇలా విడమరిచేవాడు. "గుమ్మంలో జవాను నిలబడే ఉన్నాడు. లోపల పని సేసే మనిషి పడిపోనాడు. జవాన్ని కొట్టకండి, లోపలికెళ్ళి సూడండి." ఫొటో ఎక్కడం లేదని ఒక బడివాళ్ళు మొత్తం ఫోల్డరుకు అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తే ఆ రోజు అన్నం ముట్టలేదు. తాళం పట్టలేదని తలుపే పీకేసినవాళ్ళను ఏమంటారు అని సాయంత్రం వరకూ నన్నే అడిగాడు, నేనే పీకినట్టు.

ఒకసారి ఆయనకు ఒక కథ చెప్పాను. ప్రాచీన కాలంలో ఒక న్యాయాధిపతి దేవుని మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచాడు. బొచ్చు తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నాడు. అలాగే అయింది. మర్నాడు తిప్పి అడిగాడు, నేల తడవాలి, బొచ్చు పొడిగా ఉండాలి అని. బావ ల్యాప్‌టాప్ మూసి నావైపు జరిగాడు. నా బోధ ఆయన అంత శ్రద్ధగా విన్నది అదొక్కసారే.

"ఆడు మావోడురా! ఒక పక్కే సూసి ఒదల్లేదు. నడిస్తే నడిసిందని సెప్పడం ఎవులైనా సేస్తారు. ఆగితే ఆగిందని సెప్తాదో లేదో, ఆపి సూడాల."

నిజంగానే ఆపి చూసేవాడు. తన చేతులతో బాగుచేసిన సర్వర్‌ను, మధ్యాహ్నం రద్దీ లేని వేళ, తన చేతులతోనే ఆపేవాడు. ఆగిందని హెచ్చరిక మోగితేనే ఆ పని పూర్తయినట్టు. బ్యాకప్ తీసి ఊరుకునేవాడు కాదు, దాన్ని వేరే చోట విప్పి, తెరిచి, లోపలున్నది చదివేవాడు. "ఇప్పి సూడని బ్యాకప్పు బ్యాకప్పు కాదురా, ఆశ. ఆశ నీ డిపార్టుమెంటు."

ఇక పడవల సంగతి చెప్పాలి.

మా ఒడ్డు మత్స్యకారుల సొసైటీకి బావ ఒక చిన్న సైటు కట్టాడు. వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి పడవ వేటకు వెళ్ళగానే ఇంటివాళ్ళు ఫోన్‌లో "వెళ్ళింది" నొక్కాలి. ఒడ్డుకు చేరాక "వచ్చింది" నొక్కాలి, నొక్కితే ఆ పడవ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. గాలివాన హెచ్చరిక వస్తే ఎవరు ఇంకా నీళ్ళ మీద ఉన్నారో చూసి కబురు పంపడానికి అది. నడిచింది. చక్కగా నడిచింది. బావకు నచ్చనిది అదే.

ఒకరోజు పొద్దెక్కాక గాలి తిరిగింది. హెచ్చరిక వచ్చింది. సొసైటీ అధ్యక్షుడు ఫోన్‌లో పుట చూసుకుని పైవాళ్ళకు చెప్పేశాడు. "మావోళ్ళందరూ ఒడ్డెక్కేసారు సార్." నేను ఆ వేళకు బావ గదిలోనే ఉన్నాను. తెర నిండా పచ్చచుక్కలు. ఆయన కిటికీలోంచి ఇసుక వైపు చూసి, తెర చూసి, మళ్ళీ ఇసుక చూశాడు.

"ఇంత తొందరగా అందరూ వచ్చీసారేటి?"

"మొగలో కట్టీసుంటారు బావా. వంతెన దగ్గిర."

"ఉంటారు. సూసావేటి?"

మొదట, సైటు నిన్నటి పుటనే దాచుకుని ఈ రోజుదిగా చూపిస్తోందేమో అని ఆ నిల్వ తుడిచాడు. చుక్కలు పచ్చగానే ఉన్నాయి. సర్వర్ గడియారం వేరే దేశపు గంట చూపిస్తోందేమో అని చూశాడు. సరిగ్గానే ఉంది. తను రాసిన ప్రోగ్రామ్ ఒకరి సమాధానాన్ని మరొకరికి రాస్తోందేమో అని పుట్టించిన పేరుతో ఒక పడవను పంపి, రప్పించి చూశాడు. తప్పు లేదు. చివరికి లాగ్ తెరిచాడు. వేలు తెర మీద పెట్టి నన్ను పిలిచాడు.

"సూడు. ఎల్లింది అని నొక్కిన ఎంటనే వచ్చింది అని నొక్కారు. ఈవిడా అంతే. ఈవిడా అంతే. యంత్రం అబద్ధం ఆడనేదురా. మనుషులే సెప్పారు."

చెప్పులు వేసుకోకుండా దిగాడు. నేను వెనక. ఇసుక మీద చేపలు ఎండేస్తున్న ఒక పెద్దావిడ దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, మీ గుంటడు వచ్చేసాడేటి?"

"వచ్చేసాడు బాబూ."

"ఎక్కడున్నాడు?"

"సముద్రం మీద."

బావ మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది. పొలంలో పుట్టిన మనిషి. ఆయనకు తెలియదు. మా ఇళ్ళల్లో పడవ కదలగానే ఆడవాళ్ళు తిరిగొచ్చి, గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళు పెడతారు, మగవాడు వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి. పెట్టి "వచ్చేసాడు" అంటారు. రాలేదు అన్న మాట పడవ తిరిగేదాకా నోట పలకరు. మా అమ్మ చేసింది, పెళ్ళికి ముందు మా అక్కా చేసేది. చేతికి ఫోన్ వచ్చాక ఆ చెంబు ఆ బటన్‌లోకి వెళ్ళింది. అంతే. నేను పది మాటల్లో చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని సొసైటీ వైపు లాక్కుపోయాడు.

అధ్యక్షుడికి కోపం వచ్చింది. "పైనోళ్ళకి అందరూ వచ్చేసారని సెప్పీసాను కదా! ఇప్పుడు లేదనమంటావేటి?"

"సెప్పు మావా. సిగ్గు నీది. పేణాలు ఆళ్ళవి."

చెప్పాడు. ఫోన్ అందిన పడవలకు ఫోన్లు, అందని వాటికి పక్క పడవల ద్వారా కబుర్లు. గాలి చెవుల్లో ఇసుక కొడుతుంటే నేను మోకాళ్ళ మీద ప్రార్థించాను. బావ ప్రార్థించలేదు, ఇసుక మీదికి ఎక్కిన ఒక్కొక్క పడవ దగ్గరికీ వెళ్ళి లోపలి మనుషుల మొహాలు చూసి వచ్చాడు. పెద్దావిడ కొడుకు అందరికన్నా ఆఖరున, మొగలో కాకుండా ఊరికి ఉత్తరాన ఎక్కడో ఒడ్డెక్కి, నడుచుకుంటూ వచ్చాడు. అందరూ వచ్చారు. అది నా ప్రార్థన వల్ల కాదని నేననను. ఎవరికి కబురు పంపాలో తెలియకుండా ప్రార్థిస్తే ఏమయ్యేదో మాత్రం చెప్పలేను.

మర్నాడు బావ ఆడవాళ్ళను తిట్టలేదు. ఆ బటన్ తీసెయ్యనూ లేదు. దాన్ని అలాగే ఉంచి, పడవ చేరిందన్న మాట మాత్రం ఇసుక మీద ఉండే సొసైటీ కాపలాదారు కళ్ళారా చూసి నొక్కాలని మార్చాడు.

"మరి ఆడోళ్ళు నొక్కేదేటి సేస్తాది?" అడిగాను.

"ఏటీ సెయ్యదు. ఊరికే పచ్చగా ఎలుగుతాది."

"అది మోసం కాదేటి బావా?"

"ఆదివారం నువ్వు సేసేదేటిరా మరి?"

దీనికి నా దగ్గర జవాబుంది. చెప్పేలోపు ఆయన వెళ్ళిపోయాడు.

కర్మకాండలు అయ్యాక పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. చక్కటి చొక్కా, మెత్తటి మాట. సొసైటీ అధ్యక్షుడు, కాపలాదారు వెంట వచ్చారు, పడవల సర్వర్ ఇక ఆయనకు అప్పజెబుతారట. మెత్తటి మాట అంటే నాకు భయం. ఏదెను తోటలో సర్పం నోట వినబడింది కూడా మెత్తటి మాటే. "అంతా ఆటోమేటిక్ అమ్మా. ఏదైనా ఆగితే వెంటనే మెసేజ్ వస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు. అక్క తలుపు దగ్గర కూర్చుని ఉంది. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు.

"ఆపి సూపించు బాబూ," అంది.

"అవసరం లేదమ్మా, అన్నీ పచ్చగానే..."

"పడవలు నీటి మీద ఉన్నాయి. గాలివాన హెచ్చరికేటీ లేదు ఈరోజు. ఇప్పుడే ఆపు. పలుకుతాదో లేదో సూద్దుం."

ఆపాడు. కూర్చున్నాం. అధ్యక్షుడు తన ఫోన్ అరచేతిలో పెట్టుకున్నాడు. మోగలేదు. కాపలాదారు ఫోన్ మోగలేదు. పట్నం ఆయనది మోగలేదు. ఆయన నుదురు తుడుచుకున్నాడు. లేచి గదంతా పచార్లు చేశాడు. సెట్టింగులు వెతికాడు. సర్వర్‌ను బయటినుంచి కాసే యంత్రం, హెచ్చరిక వెళ్ళింది అంది. ఎక్కడికి వెళ్ళింది? ఎవరికి?

అక్క లేచి బీరువా తెరిచింది. బావ మడత పంచెల మధ్యనుంచి ఆయన ఫోన్ తీసింది. చావు రోజు ఎవరో ఆపేసి అక్కడ పెట్టారు. వైరు గుచ్చింది. తెర వెలగడానికి కొంతసేపు పట్టింది. వెలిగింది.

అప్పుడు మొదలైంది. డిస్కు నిండుతోందని. సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు అయిపోవస్తోందని. బ్యాకప్ ఆగిపోయిందని. మళ్ళీ డిస్కు. మళ్ళీ బ్యాకప్. ఆయన పోయిన నాటినుంచి ప్రతి హెచ్చరికా ఆ ఒక్క మనిషినే పిలుస్తూ వచ్చింది, ఆయన పలకలేదు. సర్వర్ ఆగిందన్న ఈ రోజు మాట అన్నిటికన్నా కింద వచ్చింది. చదవడం రాని మా అక్క ఆ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, వణికే బిడ్డ మీద వేసినట్టు అరచెయ్యి దాని మీద వేసింది. అది కొట్టుకుంటూనే ఉంది.

మీరు చదువుతున్నారు కదా, ఇప్పుడు లేవండి. మీ బడి సైటో, మీ సొసైటీదో, మీ సంఘానిదో, రేపు కాదు, ఆదివారం కాదు, ఈ రోజు, పొద్దు వాలకముందు ఆపండి. ఆపి, ఎవరి ఫోన్ మోగుతుందో వినండి.